గండికోట మీద దుమ్ము

ప్రొద్దుటూరులో కామాక్షమ్మకూ దుమ్ముకూ ఏళ్ల తరబడి సాగుతున్న యుద్ధం సంగతి ఆ బంగారు బజారులో తెలియని వాళ్లు లేరు. కింద బంగారం అంగడి, పైన ఇల్లు. ఎర్రగుంట్ల దిక్కు నుంచి గాలి వీస్తే లారీలు లేపిన బూడిదరంగు దుమ్ము వస్తుంది. జమ్మలమడుగు దిక్కు నుంచి వీస్తే నల్లరేగడి దుమ్ము. గాలే లేకపోతే బజారు దుమ్ము ఎలాగూ ఉంది. కామాక్షమ్మ దేనికీ లొంగలేదు. పొద్దున లేచింది మొదలు భుజాన గుడ్డ వేసుకుని కిటికీ చువ్వలు, ఫ్యాను రెక్కలు, టీవీ వెనక వైర్లు, ఆఖరికి క్యాలెండరులో ఉన్న దేవుడి ముఖం కూడా తుడిచేది. "కదలకుండా కూచుంటే నన్ను గూడా తుడిచి పక్కన పెడతాది" అని ఆమె మొగుడు ఆదినారాయణ అంగట్లో గిరాకీలతో అనేవాడు. ఆ మాటలో అబద్ధం పెద్దగా లేదు.

అంతటి కామాక్షమ్మ గుడ్డ కూడా ఆ ఇంట్లో ఒక్కచోట మాత్రం ఆగిపోయేది. మేడ మీద ముందర గదిలో, మంచమంత బల్ల మీద ఉన్న గండికోట దగ్గర.

అది ఆమె కోడలు వాసవి కట్టిన కోట. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి బిగించి ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు ఉంటాయి చూడండి, వాటితోనే కట్టింది. పెళ్లై వచ్చిన కొత్తలో ఒక చిన్న డబ్బాతో మొదలైంది ఆ పని. "పెండ్లయినోళ్లు ఆడుకునేదేందో" అని కామాక్షమ్మ అప్పట్లో మూతి తిప్పింది. తర్వాత పార్సిళ్లు వస్తూనే ఉన్నాయి, కోట పెరుగుతూనే ఉంది. ఎర్రటి గోడలు లేచాయి, బురుజులు లేచాయి. మాధవరాయస్వామి గుడి గోపురం లేచింది. దానికి కాస్త దూరంలో మసీదు మినార్లు, వాటి పక్కన కప్పు గుండ్రంగా ఉన్న ధాన్యాగారం. వీటన్నిటికీ అంచున కొండ నిలువునా చీలి, ఆ చీలికలో అడుగున పెన్న పారుతూ ఉంటుంది. నది కోసం వాసవి ఆకుపచ్చగా మెరిసే పలకలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించింది. కోట ఆ ఎత్తుకు వచ్చేసరికి కామాక్షమ్మ మూతి తిప్పడం మానేసింది. ఇంటికి వచ్చిన చుట్టాలను మేడ మీదికి తీసుకుపోయి చూపించడం మొదలుపెట్టింది. "మా కోడలు కట్టింది" అని చెప్పేది, తానే రాళ్లు మోసినంత గర్వంగా.

వాసవి పుట్టిల్లు జమ్మలమడుగు. అక్కడ ఆమె తండ్రి జయప్రకాష్‌కు బట్టల అంగడి ఉండేది. కూతురి చిన్నప్పుడు అంగడికి సెలవు వచ్చిందంటే చాలు, ఆయన పిల్లను స్కూటరు ముందర నిలబెట్టుకుని గండికోటకు పోయేవాడు. ప్రతి గోడ దగ్గరా నిలబడి కథ చెప్పేవాడు, కథ తెలియని చోట కల్పించి చెప్పేవాడు. ఈ ఇటుకల కోట కడుతున్నది ఆయన కోసమే. ఆయన మాత్రం ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా ఆ గది గడప దాటకుండా, "పూర్తయినాక ఒక్కసారే సూస్తా తల్లీ, సగం సగం సూపియ్యొద్దు" అని తిరిగిపోయేవాడు.

కోట పూర్తయింది కానీ ఈలోపు ఆయన కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చింది. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు చుట్టూ చీకటి, నడుమ రూపాయి బిళ్ల పట్టేంత వెలుగు మాత్రం మిగిలింది. అదీ ఎక్కువ కాలం ఉండదని, వచ్చే దసరా మాట తాను చెప్పలేనని డాక్టరు నిర్మొహమాటంగా అన్నాడు. అందుకని ఈ దసరాకే, చూపు ఉండగానే, తండ్రికి కోట చూపించాలని వాసవి పట్టుబట్టింది. దసరా అంటే ప్రొద్దుటూరుదే అని ఆ ఊరి వాళ్లకు గట్టి నమ్మకం కాబట్టి, పండుగకు రమ్మని పిలవడానికి వేరే సాకు వెతకాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆ రోజు పొద్దున్నే వాసవి, ఆమె భర్త సాయిప్రసాద్ కారులో జమ్మలమడుగుకు బయలుదేరారు. సాయంత్రానికి జయప్రకాష్‌ను వెంటబెట్టుకుని వస్తారు. పోతూ పోతూ వాసవి అత్తకు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"అత్తా, కోట మీద దుమ్ము నేను వచ్చినాక తుడుస్తా. నువ్వు మాత్రం ముట్టుకోవాకు."

కామాక్షమ్మ తల ఊపింది. ఊపడానికి ఏముంది, తల ఎవరైనా ఊపుతారు.

ఇంట్లో ఎవరూ లేకుండా పోయాక ఆమె మేడ ఎక్కి కోటను చూసింది. తండ్రి కళ్ల కోసం నెలల తరబడి జమ్మలమడుగుకూ ఆసుపత్రులకూ తిరిగిన వాసవికి దాన్ని తుడిచే తీరిక దొరకలేదు. ఎర్రటి కోట బూడిద రంగుకు తిరిగింది. ఇటుకల నెత్తిన ఉండే బొడిపెల మధ్య దుమ్ము గడ్డకట్టింది. పెన్నలో మెరుపు లేదు. బిళ్లంత చూపు మిగిలిన మనిషి, ఆ చూపును ఇంత దూరం మోసుకుని వస్తున్నాడు. వస్తే చూసేది ఇదా అనుకుంది. చీకటి పడే వేళకు వచ్చే కోడలు ఎప్పుడు తుడుస్తుంది, ఆయన ఎప్పుడు చూస్తాడు?

ఇక్కడ ఆమె చేసిన పని బంగారపు అంగడి వాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చేసి ఉండరు. దసరాకు ముందు ఇంటి నగలన్నీ కడగడం ఆ ఇంట్లో ఆనవాయితీ. పొయ్యి మీద ఇత్తడి గంగాళంలో నీళ్లు మసలకాగాలి, అందులో కుంకుడు రసం పడాలి. నురగ లేచాక నగలు వేసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది తీస్తే కాసులపేరు నిన్ననే చేయించినట్టు ఉంటుంది. ఆ పొద్దు గంగాళం పొయ్యి మీదే ఉంది. నగలు కడగడం అయిపోయింది, నురగ ఇంకా మిగిలే ఉంది. బంగారానికి పనికొచ్చిన నీళ్లు ప్లాస్టిక్కుకు పనికిరావా అనుకుంది కామాక్షమ్మ.

కోట నాలుగైదు పలకల మీద కట్టి పక్కపక్కన చేర్చినది కాబట్టి ముక్కలుగా లేచి వచ్చింది. ముందు పెద్ద గోడ, తర్వాత గుడి, తర్వాత మసీదు. ఒక్కొక్కటీ గంగాళంలో ముంచింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. దుమ్ము మబ్బులాగా విడిపోయి, అడుగు నుంచి ఎర్రటి గోడ కొత్త పెళ్లికూతురులా పైకి వచ్చింది. అన్నిటినీ మిద్దె మీదికి చేర్చి, పాత పంచె పరిచి, నిలువు ఎండలో ఆరబెట్టింది. కిందికి దిగి కాఫీ తాగింది. కోడలి ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ ఇంకో అర లోటా కూడా తాగింది.

తిరిగి మిద్దె ఎక్కేసరికి గోడ నూనెలో వేసిన అప్పడంలాగా మెలితిరిగి ఉంది.

గోపురం ఒక పక్కకు ఒరిగింది. ఇటుకల సందుల నుంచి బురదనీళ్లు కారి, కడిగిన చోటే చారలు కట్టాయి. కామాక్షమ్మ గోడను రెండు చేతులా పట్టుకుని సరిచేయబోయింది. అది చటుక్కున విడిపోయి ఇటుకలు మిద్దె అంతా దొర్లాయి. ఆమె భయంతో ఆ ఎండలోనే కూలబడింది. ఇంకొకరి వస్తువు పాడుచేసినందుకు కాదు ఆ భయం. ఆ బిళ్లంత చూపు ఈ సాయంత్రం వస్తోంది. రేపో మాపో అది ఉండదు. దాని కోసం కట్టిన కోటను తన చేతులతో తానే ఉడకబెట్టింది.

కాసేపటికి లేచి ఫోను తీసుకుని సైదున్నీసాకు చేసింది.

సైదున్నీసా వెనక వీధి పిల్ల. పులివెందులలో ఒక బడిలో టీచరు. దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. ఇటుకల పిచ్చి వాసవికి ఎంతుందో ఆమెకూ అంతే ఉంది. ఇద్దరూ కూర్చుని ఇటుకలు ఏరుకుంటుంటే భోజనం గుర్తుండదు. ఆమె పరుగున వచ్చి మిద్దె మీద సంగతి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పెద్దమ్మా, నీళ్లు ఎంత కాచినావు?"

"నగలకు ఎంత కాస్తామో అంత."

"ఎండలో ఎంతసేపు పెట్టినావు?"

"ఆరేదాకా పెట్టల్ల కదమ్మా మరి."

సైదున్నీసా నెత్తి పట్టుకుంది కానీ ఒక్క గట్టి మాట అనలేదు. మెల్లగా చెప్పింది. "ఇవి వేడికి తాళవు పెద్దమ్మా. సంటిబిడ్డకు పోసే నీళ్లు గూడా వీటికి ఎక్కువే. ఎండ తగిలితే వంగుతాయి, రంగు పోతాయి. దుమ్ము పొడిగా ఉన్నప్పుడే మెత్తటి కుంచెతో తియ్యల్ల. ఒకసారి నీళ్లు పడినాయంటే ఆ దుమ్మే బురదై సందుల్లోకి దిగుతాది. ఇప్పుడు అన్నీ ఊడదీసి, సన్నీళ్లలో ఒక సుక్క సబ్బు ఏసి కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టుకోవాల్సిందే."

"అన్నీనా?"

"తడిసినవన్నీ. వాసవి దగ్గర మిగిలిన ఇటుకలు డబ్బా నిండా ఉండాయి, వంగిపోయిన వాటికి బదులు అవి పెట్టుకోవచ్చు."

"సాయంత్రానికి మళ్లా నిలబడతాదా?"

సైదున్నీసా చీర కుచ్చెళ్లు చెక్కుకుని కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో కామాక్షమ్మకు ఆ పొద్దు బాగా తెలిసింది. అయినా ఊరికే చూస్తూ ఉండలేక ఆమె కూడా పక్కనే చేరింది.

ముక్కలన్నీ మళ్లీ కోట గదిలోకి దించి, నేల అంతా ఉతికిన పంచెలు పరిచారు. సైదున్నీసా గోపురం పై అంతస్తు లేపి పక్కన పెట్టింది. కామాక్షమ్మ లోపలికి తొంగి చూసింది. చూసి, మళ్లీ కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

గోపురం లోపల మెట్లు ఉన్నాయి. బయటి నుంచి ఎవరికీ ఏ మూల నుంచీ కనిపించని మెట్లు, గోరంత వెడల్పున, తిరిగి తిరిగి పైదాకా పోతున్నాయి. గుడి కప్పు తీస్తే మండపం, మండపంలో స్తంభాలు, ఒక్కో స్తంభానికీ అడుగున పీఠం. గర్భగుడిలో పసుపు రంగు చుక్క ఒకటి, దీపం. మసీదు కప్పు తీస్తే లోపల వరసగా కమానులు, నేల మీద రెండు రంగుల పలకలు పరిచి ఉన్నాయి. ఆఖరికి గోడ లోపల కూడా బోలుగా వదిలేయలేదు, అక్కడ కాపలావాళ్లు నడిచే దారి ఉంది, దారిలో ఒకచోట నీళ్ల కుండ ఉంది. ఇన్నేళ్లూ ఆమె చుట్టాలకు చూపించింది దీని తొడుగు మాత్రమే.

"ఇదంతా ఎవురికి కనపడాలనమ్మా కట్టింది?" అని అడిగింది. గొంతు ఎందుకో తగ్గిపోయింది, గుళ్లో మాట్లాడినట్టు.

"ఎవురికీ కాదు పెద్దమ్మా. నేనూ అడిగినా ఒకసారి. కోటలో ఉండేది కోటలో ఉండల్ల కదా అనింది."

కామాక్షమ్మకు తన మామగారు గుర్తుకొచ్చారు. కంసాలి నగ చేసి తెస్తే ఆయన ముందర భాగం చూసేవాడే కాదు. తిప్పి వెనక చూసేవాడు. "ముందర ఎవుడైనా నున్నగా చేస్తాడు, ఒంటికి తగిలే దిక్కు చూడల్ల పనోని బుద్ధి" అనేవాడు. అలా తిప్పి చూసినా తప్పు దొరకని నగలు తన జన్మలో చాలా కొద్దిగా చూసింది ఆమె. ఇప్పుడు తన ఇంట్లో, తన కోడలి చేతిలో చూస్తోంది. పొయ్యి దగ్గరా, పూజ దగ్గరా, రోజూ తన పక్కన మసలే పిల్ల. ఎంత దగ్గర మసిలినా తనకు ఆ పిల్ల కూడా తొడుగు వరకే తెలుసునని అప్పుడు అర్థమైంది.

ధాన్యాగారం మాత్రం గంగాళంలో మునగలేదు, బల్ల మీదే ఉంది. పొడి కుంచెతో దాని మీది దుమ్ము ఎలా తీయాలో సైదున్నీసా చేసి చూపించింది, పైనుంచి కిందికి, విసరకుండా, ముట్టీముట్టనట్టు. కామాక్షమ్మ కుంచె తీసుకుని కప్పు తుడవబోయింది. కప్పు మూతలాగా లేచింది. లోపల ఖాళీ గది. నడుమ బొటనవేలంత మగ బొమ్మ ఒకటి నిలబడి ఉంది. దాని భుజాల మీద ఇంకా చిన్న ఆడపిల్ల బొమ్మ. పిల్ల చెయ్యి పైకెత్తి ఉంది.

ఆ మనిషి ఎవరో, ఆ పిల్ల ఎవరో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. కప్పు మళ్లీ జాగ్రత్తగా మూసింది. మూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సైదున్నీసా చూడనట్టు ఇటుకలు కడుగుతూ పోయింది.

సాయంత్రం కారు వచ్చి ఆగేసరికి గది అంతా ఇటుకలే. తెల్లటి పంచెల మీద ఎర్రవి ఒక రాశి, గోధుమరంగువి ఒక రాశి, మసీదు నేల పలకలు వేరేగా. ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద ధాన్యాగారం, సగం కొండ, పెన్న తప్ప ఏమీ మిగల్లేదు. వాసవి ముందుగా మెట్లెక్కి వచ్చి, గడప దగ్గర ఆగిపోయింది.

కామాక్షమ్మ దాచలేదు. "నేనే అమ్మా. బంగారం కడిగినట్టు కడిగినా. గోడ వంగిపాయె" అంది.

వాసవి అరిచి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. వాసవి అరవలేదు. అలా చూస్తూ గడప మీద కూర్చుండిపోయింది.

"నాయన సూడాలని కదా అత్తా" అంది.

వెనక సాయిప్రసాద్ మామగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. జయప్రకాష్ మనిషి పొడుగు, తెల్ల చొక్కా, మెడ ఎప్పుడూ కాస్త ముందుకు చాచి నడిచేవాడు, ఇరుకు కిటికీలోంచి బయటికి చూసే మనిషిలాగా. ఆయనకు నేల మీది రాశులు కనిపించలేదు. నిశ్శబ్దం మాత్రం వినిపించింది.

"ఏందమ్మా, ఎవురూ మాట్లాడరే. కోట యాడుంది?"

కామాక్షమ్మే చెప్పింది. దుమ్ము సంగతి, గంగాళం సంగతి, ఎండ సంగతి, ఏదీ తగ్గించకుండా చెప్పింది. "మీరు సూసేనాటికి తళతళా ఉండల్లని చేసినా అన్నా. మీ కండ్లకు అడ్డం పడినా" అని ఆపేసింది.

జయప్రకాష్ వంగి తడిమాడు. చేతికి ఒక ఇటుక దొరికింది. దాన్ని కంటికి దగ్గరగా, బాగా దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు.

"ఒక మాట చెప్తా అక్కా, దారి పొడుగునా నాకు ఒకటే దిగులు" అన్నాడు. "మంచమంత కోట అంట. నా చూపు చూస్తే ఇంత. ఎంత తిప్పి సూసినా నాకు కోట కనపడదు, ఈడ ఒక రాయి, ఆడ ఒక రాయి కనపడతాది. ఆ మాట బిడ్డకు ఎట్ల చెప్పల్ల? అంతా కనపడినట్టు నటిద్దాములే, శానా బాగుండాది తల్లీ అందాములే అనుకుని వచ్చినా."

వాసవి తల ఎత్తి చూసింది.

"ఇట్లయితే నటించే పని లేదు" అని ఆయన పంచెల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఒక్కొక్కటే ఇయ్యి తల్లీ. కడదాం. ఒక్కొక్కటయితే నాకు బాగా కనపడతాది."

అలా మొదలైంది. ఆ దసరా రోజులన్నీ ప్రొద్దుటూరంతా ఉత్సవం చూస్తూ అమ్మవారిశాల ముందర ఉంటే, ఆ ఇల్లు మాత్రం మేడ మీద ముందర గదిలో ఉండిపోయింది. వాసవి ఇటుక అందిస్తే జయప్రకాష్ దాన్ని కంటికి ఆనించి చూసేవాడు, వేళ్లతో బొడిపెలు లెక్కపెట్టుకున్నట్టు తడిమేవాడు, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి బొటనవేలితో నొక్కేవాడు. టిక్కుమని చప్పుడు అయ్యేది. మొదట్లో వాసవి చెప్పేది, ఆయన పెట్టేవాడు. గోడ జానెడు లేచేసరికి సంగతి తారుమారైంది. "ఈడ గోడ వంపు తిరగల్ల తల్లీ, ఆ వంపు దాటితేనే పెన్న సప్పుడు ఇనపడేది" అని ఆయన చెప్పేవాడు, వాసవి విప్పి మళ్లీ కట్టేది. ఎండకు వంగిన ఇటుకలను సైదున్నీసా వేరుగా తీసి పెడితే వాటిని కూడా అడిగి తీసుకున్నాడు. "అన్ని వందల ఏండ్ల కోటలో యా గోడ సక్కగా నిలబడింది లేమ్మా" అని, బిగుసుకునే వాటిని వెతికి వెతికి లోయ అంచున పెట్టాడు.

కామాక్షమ్మ పని ఇటుకలను పొడిగుడ్డతో అద్ది అందివ్వడం. అద్దుతూ ఆ వేళ్లనే చూస్తూ ఉండేది. తన కళ్లు రెండూ బాగానే ఉన్నాయి, ఇన్నేళ్లుగా ఈ కోట తన ఇంట్లోనే ఉంది, దుమ్ము తప్ప తనకు ఏం కనిపించిందని? ఈ మనిషికి బిళ్లంత చూపు. ఆ బిళ్లలోకి ఆయన ఒక్కొక్క రాయినీ పిలిచి, దాని మర్యాద దానికిచ్చి కూర్చోబెడుతున్నాడు. బతుకులో ఎన్నో గుళ్లు తిరిగింది కామాక్షమ్మ. దేవుడి ముందు చేతులు జోడించేటప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, చెప్పుల మీద ధ్యాస ఉండేది. ఇక్కడ చేతిలో గుడ్డ ఉన్న సంగతి కూడా మరిచిపోయింది.

గోడ, గోపురం, మసీదు అన్నీ అయ్యాక ఆయన చెయ్యి బల్ల మీద పాకుతూ ధాన్యాగారం మీదికి వచ్చింది.

"నాయనా, అది మునగలేదు, అది తియ్యాకు" అంది వాసవి తొందరగా.

అప్పటికే కప్పు ఆయన చేతిలో ఉంది. రెండో చెయ్యి లోపలికి పోయింది. మగ బొమ్మ తల మీద వేలు ఆగింది, భుజం మీదికి ఎక్కింది, పిల్ల బొమ్మను తడిమింది, పైకెత్తిన చెయ్యి దాకా పోయి అక్కడ ఆగిపోయింది. ఆయన రెంటినీ కలిపి బయటికి తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు కప్పు అందిందా నీకు?" అని అడిగాడు.

"అందలేదు నాయనా. అందింది అందింది అని నువ్వే అరిచినావు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అందుతాది. సరిగ్గా ఆ ఎత్తుకే కట్టినా."

ఆయన బొమ్మలను ఉన్నచోటే నిలబెట్టి, కప్పు మూసి, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. వాసవి ఆయన భుజానికి తల ఆనించింది. కామాక్షమ్మ గోడకు చేరగిలబడి నిలబడింది, అక్కడ మాట్లాడే అర్హత ఎవరికీ లేదని ఆమెకు అనిపించింది.

కోట మళ్లీ నిలబడిన రోజు ఆదినారాయణ ఉత్సాహంగా మెట్లెక్కి వచ్చాడు. వెనకే అబ్దుల్ సత్తార్, బజారులోని బంగారు అంగళ్లకు అద్దాల పెట్టెలు చేసే మనిషి, ఇద్దరు కూలీల చేత పెద్ద గాజు పెట్టె ఒకటి మోయించుకుని వచ్చాడు. ఆదినారాయణ ఎవరికీ చెప్పకుండా కొలతలిచ్చి చేయించాడు. భార్యకు ఇంతకంటే మంచి కానుక లోకంలో ఉండదని ఆయన లెక్క. ఆ లెక్క అంతకు వారం ముందైతే తప్పయ్యేది కాదు.

"అడుగున సుట్టూ రబ్బరు ఏసినా పెద్దమ్మా" అన్నాడు సత్తార్, అద్దం మీది వేలిముద్రలు మెత్తటి గుడ్డతో తుడుస్తూ. "ఒకసారి మూసినామంటే దుమ్ము కాదు గదా, దుమ్ము నీడ గూడా పోదు లోపలికి. ఇంక జన్మలో తుడిచే పని లేదు."

కూలీలు పెట్టెను బల్ల మీదికి ఎత్తారు. జయప్రకాష్ అప్పుడు పెద్ద బురుజును తడుముతూ ఉన్నాడు. ఏదో వస్తోందని పసిగట్టి, అడ్డం రాకుండా చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒక చేతిని రెండో చేతితో పట్టుకున్నాడు. కామాక్షమ్మ ఆ చేతులను చూసింది.

"దింపాకు సత్తార్" అంది. "తీసుకపో దాన్ని."

"ఏమి పెద్దమ్మా, కొలత తప్పిందా?"

"కొలత బాగుండాది. అంగట్లో పెట్టుకోండి, దేనికైనా పనికొస్తాది."

ఆదినారాయణ తెల్లబోయాడు. "అద్దం లేకపోతే రేపటికి దుమ్ము పడతాది కదే?"

"పడనీ" అంది కామాక్షమ్మ.

ఆ మాట ఆ నోట వినడం ఆయనకు పెళ్లైనాక అదే మొదటిసారి. ఆమె కోడలి దగ్గర నుంచి మెత్తటి కుంచె తీసుకుని నడుముకు దోపుకుంది.

"పొద్దున్నే నేను తీస్తా దుమ్ము. సైదున్నీసా నేర్పిచ్చింది, పైనుంచి కిందికి. అద్దం పెడితే మనకు కనపడతాది, నిజమే. ఆయనకు రేపు అద్దమే కదా తగిలేది?"

ఆమె బల్ల దగ్గరికి పోయి, జయప్రకాష్ ఒళ్లో ఉన్న చేతిని తీసి మళ్లీ బురుజు మీద పెట్టింది. చేతి వేళ్లు ఒక్క క్షణం అక్కడే నిలిచాయి. ఆ తర్వాత గోడ వెంబడి నడిచి, వంపు తిరిగి, పెన్నలోకి దిగాయి.